అమ్మ చుట్ట, మా కోపం

మా అమ్మ ప్రార్థనాపరురాలు. శుక్రవారం ఉపవాస కూటమంటే మంచినీళ్లు కూడా ముట్టదు. అటువంటి అమ్మ చుట్ట మాత్రం మానలేకపోయేది. అదీ మామూలుగా కాదు, అడ్డపొగ. శ్రీకాకుళం, విశాఖ తీరపు పల్లెల్లో స్త్రీలకు ఇది పాత అలవాటు. నిప్పున్న కొసను నోటిలోపల పెట్టుకొని పీలుస్తారు. అలాగైతే గాలికి చుట్ట ఆరిపోదని అమ్మ చెప్పేది. చిన్నప్పుడు కొట్టుకు పరుగెత్తి ఆ చుట్టలు తెచ్చి ఇచ్చినది మేము ముగ్గురమే.

ఒక వేసవిలో కారం తింటే అంగిలి మండుతున్నదన్నది. విశాఖలో డాక్టరుగారు చూసి, అంగిట తెల్లని మచ్చ ఉన్నదనీ, నిప్పు వేడీ పొగా కలిసి దానిని క్యాన్సరుగా మార్చగలవనీ చెప్పారు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేవరకు మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. క్యాన్సరు కాదన్నారు గాని, చుట్ట మానకపోతే ఏమీ చెప్పలేమన్నారు.

అమ్మ మానింది. మూడవ రోజున పశువులశాల వెనుక పొగ కనిపించింది. "ఉపవాసం ఉండగలవు గాని ఇది మానలేవా? ఇదేనా నీ భక్తి?" అని కేకలు వేశాము. అమ్మ చుట్టను నేలకు రాసి ఆర్పి, "సుట్ట మానీమంటన్నారు, మానేత్తాను. మరి మీ కోపం ఎప్పుడు మాన్తారర్రా?" అన్నది. మాకు నోట మాట రాలేదు.

తరువాత డాక్టరుగారు వివరించారు. పొగాకులోని నికోటిన్‌కు మెదడు అలవాటు పడిపోతుంది. అది అందకపోతే చిరాకు, నిద్రలేమి, గుండెల్లో అలజడి. మొదటి రెండు మూడు రోజులే అన్నిటికంటె కష్టం. మూడు నాలుగు వారాల్లో చాలావరకు తగ్గుతుంది. అంటే, అమ్మకు అతి కష్టమైన రోజునే మేము ఆమె భక్తిని ప్రశ్నించాము.

గలతీయులకు వ్రాసిన పత్రికలో ఆత్మఫలమును చెప్పేటప్పుడు ప్రేమ మొదట ఉన్నది, ఆశానిగ్రహము చివర ఉన్నది. చివరిదానిని అమ్మ దగ్గర అడిగిన మేము, మొదటిదానిని ఆమెకు చూపలేదు.

ఆ సాయంత్రం క్షమించమని అడిగాము. మిగిలిన చుట్టలు అమ్మే పొయ్యిలో వేసింది. భోజనం కాగానే కోరిక ఎక్కువయ్యేది. ఆ వేళకు మాలో ఒకరు పక్కన కూర్చొని, కాసిని సోంపు గింజలు చేతిలో పెట్టి, కబుర్లు చెప్పేవాళ్లము. కొద్ది నిమిషాలు ఓర్చుకుంటే అది దాటిపోయేది. మరి రెండుసార్లు తప్పిపోయింది. ఎవరమూ కేక వేయలేదు. మరునాడు మళ్లీ మొదలుపెట్టింది.

ఇది మూడవ సంవత్సరం. మచ్చ పలచబడింది. పరీక్షకు మాత్రం తప్పక వెళ్తున్నాము.

ప్రియ పాఠకులారా, మీ ఇంట బీడీయో, చుట్టయో, సిగరెట్టో మానలేక సిగ్గుపడుతున్నవారు ఉండవచ్చు. వారిని గద్దించకండి, పక్కన కూర్చోండి. ప్రార్థించండి, వైద్యుని సహాయమూ తీసుకోండి. సహాయం అడగడం ఓటమి కాదు, ఆశానిగ్రహానికి అది మొదటి మెట్టు.

అమ్మ చుట్ట మానింది. మా కోపం ఇంకా పూర్తిగా మానలేదు. అమ్మ అప్పుడప్పుడు గుర్తుచేస్తూనే ఉంటుంది.