ట్రంకుపెట్టెలో ఉండిపోయిన కాగితం

నేను చదివింది అరవ మీడియం. తెలుగు రాయడం రైల్వేలో చేరినాక నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించండి, విషయం మాత్రం కడదాకా చదవండి. మన సంఘంలో మిలిటరీ ఇండ్లు చానా ఉండాయి.

మా బావ బెంగళూరు హలసూరులో ఉండే మద్రాస్ ఇంజనీర్ గ్రూపులో పని చేసినాడు. సర్వీసులో ఒకసారి పెన్సిలిన్ సూది వేస్తే ఒళ్లంతా దద్దుర్లు లేచి ఊపిరాడలేదు. మిలిటరీ ఆసుపత్రిలో కాపాడి, ఆయన కాగితాల మీద ఎర్ర సిరాతో ఆ సంగతి రాసినారు. తర్వాత ఏ ఊరికి బదిలీ అయినా ఆ రాత ఆయన వెంటే పోయింది. ఆయన నోరు తెరిచి చెప్పే పని లేకపోయింది.

రిటైరై కృష్ణగిరి పక్క పల్లెకు వచ్చినాడు. కాగితాలు ట్రంకుపెట్టెలోకి పోయినాయి.

పోయిన ఏడు మామిడికాయలు కోసే కాలంలో బావకు పంటినొప్పి వచ్చి చెంప వాచింది. ఒక క్లినిక్కులో అమాక్సిసిలిన్ మాత్రలు ఇచ్చినారు. వాళ్లు అడగలేదు, ఈయన చెప్పలేదు. పెన్సిలిన్ అనే మాట కనపడి ఉంటే బావే వద్దనేవాడు. అమాక్సిసిలిన్ కూడా అదే జాతి మందని మాకెవరికీ తెలీదు.

మింగిన అరగంటలోపల అరచేతుల్లో దురద, పెదాలు వాపు, ఆయాసం. అక్క ఇంట్లో ఉండే అలర్జీ మాత్ర ఇచ్చింది. తగ్గలేదు. పక్కింటి అబ్బాయి కారులో కృష్ణగిరికి తీసుకపోయినాడు. అక్కడ తొడకు అడ్రినలిన్ సూది వేసినాక ఊపిరి కుదుటపడింది. కొన్ని గంటలకు మళ్లీ రావచ్చని రాత్రంతా ఉంచుకున్నారు.

నేను హోసూరు నుంచి పోయేసరికి డాక్టరు అక్కను అడుగుతా ఉన్నాడు, ఈ సంగతి ముందే తెలుసా అని.

"తెలుసు సార్. కాగితం ట్రంకుపెట్టెలో ఉండాది" అనింది అక్క.

ఆ మాటకు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. రైల్వేలో కాషన్ ఆర్డర్ అని ఒకటి ఉంది. పట్టాలు బాగలేని చోట ఇంత వేగం మించకూడదని రాసి డ్రైవరు చేతికిస్తారు. ఆ దారిలో నూరుసార్లు పోయినవాడైనా సంతకం పెట్టి తీసుకోవాల్సిందే. మా ఇంట్లో ఆ చీటీ ఉండి కూడా ఎవరి చేతికీ ఇయ్యలేదు.

అందుకే మీకు చెప్పేది. ఏ మందు పడలేదో, ఏ ఏడు, ఏమైందో ఒక చీటీ మీద రాయండి. కంపెనీ పేరు కాదు, అసలు మందు పేరు రాయండి. ఏ జాతి మందులు మానుకోవాల్నో డాక్టరును అడగండి. భార్యాపిల్లలకు ఉంటే వాళ్లవీ రాయండి. కొత్త డాక్టరు ఎవరైనా ముందు ఆ చీటీ చూపించండి. ఊపిరి ఆడకుంటే అలర్జీ మాత్ర చాలదు, అడ్రినలిన్ సూది కావల్ల. మనిషిని నడిపించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకపోండి.

మాజీ సైనికులకు 2003 ఏప్రిల్ నుంచి ఈసీహెచ్ఎస్ ఉంది. పింఛను తీసుకునే వారికే కాదు, భార్యకూ, ఆధారపడిన పిల్లలకూ తల్లిదండ్రులకూ వర్తిస్తుంది. మామూలుగా పాలీక్లినిక్కు రాసిచ్చినాకే వేరే ఆసుపత్రికి పోవాల. ప్రాణం మీదికొస్తే దగ్గరుండే ఆసుపత్రికి నేరుగా పోవచ్చు, 48 గంటల్లోపల పాలీక్లినిక్కుకు తెలపాల. రెఫరల్ కోసం కాచుకుని ఎవరూ ప్రాణం పోగొట్టుకోవద్దు.

బావ చొక్కాజేబులో ఇప్పుడు చీటీ ఉంది. ఇంగ్లీషులో, అరవంలో నేనే రాసిచ్చినాను. "సంఘంలో తెలుగు తెలుగు అని అరుస్తావు, ఇది తెలుగులో ఎందుకు రాయలేదు?" అని అడిగినాడు.

"ఆ పొద్దు డ్యూటీలో ఉండే డాక్టరు చదవాల గదా బావా" అన్నాను.