ఒకనాటి శ్రీకాకుళయాత్ర

ఐస్లాండు ద్వీపమున డిసెంబరు నడుమ పగలు సుమారు 4 గంటలే. అచటి అగ్నిపర్వతములు చూడనేగువారు వెలుతురునుబట్టి చూడవలసినవానిని ఏర్పరచుకొందురు. విజయనగరమునుండి శ్రీకాకుళమునకు ఒక్కదినపు యాత్ర తలపెట్టిన మేము మా అత్తగారి మోకాళ్లనొప్పినిబట్టి ఏర్పరచుకొంటిమి.

తెల్లవాఱగనే అరసవల్లి. మార్చి, అక్టోబరు నెలలలో కొన్ని దినములు ఉదయకిరణములు అచట సూర్యనారాయణస్వామి పాదములను సోకును. పిదప రెండు ధ్వజస్తంభములుగల శ్రీకూర్మము. 1919లో గిడుగు రామమూర్తిగారు కనుగొనిన శాలిహుండము బౌద్ధస్తూపములు మాత్రము కొండమీదనున్నవి. "మీరెక్కి రండమ్మా, నేను కారులోనే కూర్చుంటాను" అని అత్తగారనిరి. అందులకు మేమొల్లమైతిమి. కొండ యెక్కు పనిలేని వంశధారాతీరపు శ్రీముఖలింగమును పట్టికలో వ్రాసి, శాలిహుండమును కొట్టివేసితిమి.

సోదరీమణులారా, మీరును ఇంటిలో అందఱికంటె మెల్లగా నడచువారిని ముందడిగి, పిదప పట్టిక వ్రాయుడు.