ఈ ఊళ్ళో ఏముంది?

మొన్న సంక్రాంతికి మావాడు హైదరాబాదు నుంచి వచ్చాడు. ఊరికే రాలేదు, ఒక బేరం పట్టుకుని వచ్చాడు. పాత ఊళ్ళో ఉన్న మా మిద్దె ఇంటిని కొనడానికి ఎవరో సిద్ధంగా ఉన్నారట. ధర కూడా న్యాయంగానే ఉన్నదట. ఆ డబ్బు బ్యాంకులో వేసుకుని మేము ముసలివాళ్ళిద్దరమూ వాడి దగ్గరికి వెళ్ళిపోవాలి. అక్కడ లిఫ్టు ఉన్నది, ఇరవై నాలుగు గంటలూ కుళాయిలో నీళ్ళున్నవి, ఆస్పత్రి నాలుగడుగుల్లో ఉన్నది.

అన్నీ విని "చూద్దాంలేరా" అన్నాను. ఈ మాటకు మా ఇంట్లో "కాదు" అని అర్థం. ఆ సంగతి వాడికీ తెలుసు.

"అసలు ఈ కర్నూల్లో ఏముంది నాన్నా?" అన్నాడు.

ప్రశ్న చిన్నదే. కాని డెబ్బై ఏళ్ళు ఒకే ఊళ్ళో ఉన్నవాణ్ణి ఆ ప్రశ్న అడిగితే వెంటనే ఏం చెబుతాడు? "మీ ఆవిడలో ఏముందండీ?" అని మిమ్మల్ని ఎవరైనా అడిగితే మీరేం చెప్పగలరు? నేనూ అట్లాగే తెల్లమొహం వేశాను. దీపం ఆర్పి పడుకున్న తరువాత మాత్రం జవాబులు ఒకదాని వెంట ఒకటి రాసాగాయి. అవి వాడికి చెప్పలేకపోయాను కనుక మీకు చెబుతున్నాను.

నిజానికి మాది ఈ ఊరు కాదు. మా నాన్న గుంటూరు వైపు మనిషి; మద్రాసులో ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. 1937లో పెద్దలు శ్రీబాగ్‌లో చేసుకున్న ఒప్పందం ప్రకారం రాజధానినో హైకోర్టునో కోరుకునే హక్కు రాయలసీమది. రాజధాని కర్నూలుకు వచ్చింది, హైకోర్టు గుంటూరుకు పోయింది. ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి. ఊరు చిన్నది, ప్రభుత్వం పెద్దది. ఎక్కడా చోటు చాలక కచ్చేరీలు గుడారాల్లో పెట్టారు. ఉద్యోగులకూ గుడారాలే. నాకప్పుడు ఐదేళ్ళు. రాజధానిలో అక్షరాలు దిద్దుకున్నాడని నన్ను గురించి మా అమ్మ గొప్పగా చెప్పుకునేది. గుడారంలో దిద్దుకున్నానన్న సంగతి మాత్రం చెప్పేది కాదు.

పాపం, అమ్మకు మొదటి ఆరునెలలూ ఈ ఊరి తెలుగుతోనే పెద్ద పేచీ. ఉల్లిపాయలు ఎర్రగడ్డలైనవి, వెల్లుల్లి తెల్లగడ్డ, బంగాళాదుంప ఉర్లగడ్డ. ఒకనాడు ఎవరో ఇంత మూట ఇచ్చి, "బిడ్డకు ఈ బుడ్డలు వేయించి పెట్టమ్మా" అన్నారట. దీపం బుడ్డీలను వేయించడమేమిటని బిత్తరపోయి మూట విప్పి చూస్తే, అవి వేరుశనక్కాయలు!

మరుసటి వేసవి చివర ఒక రాత్రి పెద్ద గాలివాన వచ్చింది. మా గుడారం గుంజలతో సహా లేచిపోయింది. నాన్న ఒక చేత్తో ట్రంకుపెట్టెను, మరో చేత్తో నన్ను పట్టుకుని, అమ్మ వెనక రాగా, చీకట్లో పాత ఊరి సందుల్లోకి పరుగెత్తాడు. ఒక సాయెబుగారి ఇంటి అరుగు మీద నిలబడ్డాం. తలుపు తెరుచుకున్నది. లాంతరు పట్టుకుని బీబమ్మగారు, "బయట ఏంది అమ్మా? బిడ్డ తడుస్తుండాడు, లోపలికి రాండి" అన్నది. ఎవరు మీరు అని అడగలేదు. ఆ రాత్రి లోపలికి వెళ్ళినవాళ్ళం ఎనిమిది నెలలు వాళ్ళ వసారాలోనే ఉన్నాం. తరువాత వాళ్ళ పక్క ఇల్లు బాడుగకు తీసుకున్నాం; కొన్నాళ్ళకు కొన్నాం. ఇప్పుడు మావాడు బేరం పెట్టింది ఆ ఇంటినే.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించింది. రాజధాని హైదరాబాదుకు తరలింది. బీరువాలు, ఫైళ్ళు, బల్లలు, మనుషులు, అన్నీ లారీలెక్కాయి. మూడేళ్ళ వైభవం మూడు వారాల్లో సర్దుకుని పోయింది. నాన్న మాత్రం ఎవరెవరినో బతిమాలి జిల్లా కచ్చేరీలోకి మార్పించుకున్నాడు. అందరూ ఆయన్ను వెర్రివాడన్నారు. "వానలో చోటిచ్చిన ఊరిని ఎండలో వదిలిపోకూడదు" అన్నాడాయన. గుడారాలు పోయినవి గాని ఎ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు అనే పేర్లు మాత్రం ఊళ్ళో ఇప్పటికీ ఉన్నవి. సి క్యాంపు రైతుబజారులో చిక్కుళ్ళు బేరమాడే కుర్రవాళ్ళకు ఆ పేరు ఎందుకు వచ్చిందో తెలియదు. తెలియకపోతే చిక్కుళ్ళకు వచ్చిన లోటేమీ లేదనుకోండి.

ఇక ఈ ఊళ్ళో ఏముందంటారా? మొదట ఉగ్గాని ఉన్నది. బొరుగులు నీళ్ళలో తడిపి, గట్టిగా పిండి, ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు వేసిన తాలింపులో పొర్లించి, పైన పుట్నాల పొడి చల్లితే ఉగ్గాని. పక్కన వేడివేడి మిరపకాయ బజ్జీ లేకపోతే దానికి పరిపూర్ణత లేదు. కోస్తావారు పొద్దున్నే ఇడ్లీ లేనిదే లేవరు. మేము ఉగ్గాని కోసం లేస్తాం. మా సందు మొగదల ఒక అవ్వ నలభై ఏళ్ళు ఈ వ్యాపారం చేసింది. ఇప్పుడామె కోడలు చేస్తున్నది. చేయి మారింది, రుచి మారలేదు.

ఉగ్గాని తిన్నవాడికి నడక కావాలి. తుంగభద్ర ఒడ్డుకు వెళతాను. పూర్వం అలంపురం గుళ్ళకు రాళ్ళు తోలే బండ్లు ఇక్కడే ఏరు దాటేవనీ, దాటేముందు ఇరుసులకు కందెన పూసుకునేవారనీ, అందుకే ఇది కందెనవోలు అయిందనీ పెద్దలు చెబుతారు. కందనవోలే కర్నూలయింది. ఒక ఊరికి రాజు పేరో దేవుడి పేరో కాక, బండి ఇరుసుకు పూసే జిడ్డు పేరు రావడం నాకు భలే ఇష్టం. ప్రయాణం చేసేవాడు కాసేపు ఆగి, చక్రం కిర్రుమనకుండా చూసుకుని పోయే చోటు ఇది. మా నాన్న కూడా అట్లా ఆగినవాడే. కాకపోతే మళ్ళీ బండి కట్టలేదు.

అక్కడినుంచి ఓపిక ఉంటే కె.సి. కాలువ దాకా పోతాను. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్ళు మళ్ళించి కడప దాకా తీసుకుపోయే కాలువ ఇది. 1863లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారు తవ్వడం మొదలుపెట్టారు. నీటిపన్నూ, పడవల రాకపోకల మీద సుంకమూ వసూలు చేసి లాభాలు గడిద్దామనుకున్నారు, లాభాలు రాలేదు. 1882లో ప్రభుత్వమే కొన్నది. కంపెనీ పోయింది, పడవలు పోయినవి, నీళ్ళు మాత్రం మిగిలినవి. మాకు కావలసిందీ అదే. హంద్రి అడ్డం వస్తే వంతెన కట్టి దానిమీదుగా కాలువను దాటించారు. ఎండాకాలంలో చూడాలి ఆ విచిత్రం! కింద ఏటిలో ఇసుక, పైన వంతెనలో ఏరు.

సాయంత్రం కొండారెడ్డి బురుజు. విజయనగర రాజుల నాటి కోటలో మిగిలిన ముక్క. దాని కింద నుంచి నదిని దాటి గద్వాల దాకా సొరంగం ఉన్నదని చిన్నప్పుడు నమ్మాను. మా మనవడికి నేనే చెప్పి నమ్మించాను. 2003లో "ఒక్కడు" సినిమా వచ్చాక ఈ బురుజు తెలుగువాళ్ళందరికీ చుట్టమైంది. వాళ్ళు ఫొటోలు తీసుకుని పోతారు. మేము ఐదారుగురం పింఛనుదారులం మాత్రం ఆ చుట్టుపక్కల కూర్చుని, ఎవరికి బీపీ ఎంతో, వాన ఎప్పుడో, పప్పుల ధర ఎంతో తేల్చుకుని లేస్తాం. వాన సంగతి మాత్రం ఎన్నడూ తేలదు.

కనుమనాడు మావాడు కారులో నన్ను జగన్నాథగట్టుకు తీసుకుపోయాడు. కృష్ణ ఒడ్డున ఉండిన రూపాల సంగమేశ్వరుడి గుడి శ్రీశైలం జలాశయం ముంపులో పోతుందని, రాయి రాయి విప్పి తెచ్చి ఆ గట్టు మీద మళ్ళీ కట్టారు. దణ్ణం పెట్టుకుని బయటికి వచ్చాక, "చూశారా నాన్నా, దేవుడంతటివాడే ఇల్లు మారాడు!" అన్నాడు.

"మారాడు. కాని ఆయన్ను ఒంటరిగా తీసుకురాలేదురా. రాళ్ళన్నీ వెంట తెచ్చి, ఎక్కడిది అక్కడ పెట్టారు. నన్నూ అట్లా తీసుకుపో. ఉగ్గాని అవ్వ కోడల్ని, సాయెబుగారి మనవణ్ణి, బురుజు దగ్గర పింఛనుదార్లను, అందర్నీ వరుస తప్పకుండా కట్టుకుని పద. వస్తాను."

వాడు నవ్వలేదు. తిరుగుదారిలో మాట్లాడలేదు. ఇంటికి వచ్చాక మిద్దె మీదికి పోదాం రమ్మన్నాడు. మా మెట్లు రెండు ఎప్పటినుంచో విరిగి ఉన్నవి. వాడు చేయి అందించి పైకి లాగాడు. పిట్టగోడకు ఆనుకుని అడిగాడు:

"2009లో మీరిద్దరూ ఎక్కడ కూర్చున్నారు?"

ఆ రోజు సంగతి ఈ ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. అక్టోబరు 2, గాంధీ జయంతి. అంతకు నెల ముందు వానల్లేక అల్లాడిన ఊరు. ఎగువన కురిసిన వానలకు తుంగభద్ర ఉప్పొంగింది; పొంగిన నదిలో కలవలేక హంద్రి ఊళ్ళోకి ఎగదన్నింది. చూస్తుండగా వీధిలో మోకాళ్ళు, నడుము, తరువాత కిటికీలు మునిగిపోయినవి. విరిగిన మెట్ల దగ్గర మా ఆవిడ నిలబడిపోయింది, కాలు సాగక. సాయెబుగారి మనవడు తన మిద్దె మీద నుంచి నిచ్చెన దించి, ముందు ఆమెను, తరువాత నన్ను పైకి లాక్కున్నాడు. రెండు రాత్రులు ఆ మిద్దె మీద పదిహేనుమందిమి ఉన్నాం. ఉన్న బియ్యం కలిపి వండుకున్నాం. అరవై ఏళ్ళు పైబడిన నన్ను ఆ కుటుంబం రెండోసారి వాన నుంచి లోపలికి పిలిచింది.

నీళ్ళు తీశాక ఇంట్లో మోకాలెత్తు బురద. నాన్న ట్రంకుపెట్టె, అందులోని గుడారం ఫొటో, అన్నీ ముద్దయిపోయినవి. అప్పుడే నాకూ అనిపించింది, ఇక చాలు, వెళ్ళిపోదామని. ఐదో రోజున బురదలో కర్ర పొడుచుకుంటూ ఉగ్గాని అవ్వ వచ్చింది. ఆమె పొయ్యీ గిన్నెలూ కూడా కొట్టుకుపోయినవి. గడపలో నిలబడి, "సారూ, ఉండావా? అమ్మ ఉండాదా?" అన్నది. ఉన్నామన్నాను. "సరే. ఇంగా పదకొండు ఇండ్లు చూడల్ల" అని వెళ్ళిపోయింది. రోజూ తన దగ్గర తినేవాళ్ళను ఒక్కొక్కరినే లెక్క పెట్టుకుంటున్నది! ఆమె దగ్గర ఏ ఖాతా పుస్తకమూ ఉండేది కాదు. మనుషుల లెక్క మాత్రం ఉండేది.

ఇదంతా మావాడికి చెప్పాను. వాడు చాలాసేపు ఊరుకున్నాడు. తరువాత నెమ్మదిగా అన్నాడు:

"మీకు ఆ మూడు దినాలు పక్కన పదిహేనుమంది ఉన్నారు నాన్నా. నాకెవరూ లేరు. ఫోను పలకదు. టీవీ పెడితే మన ఊరు నీళ్ళల్లో. మీరు బతికి ఉన్నారో లేదో తెలియదు. వాన కురిస్తే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు."

నేను ఇన్నాళ్ళూ వాడు డబ్బు లెక్కలు చూస్తున్నాడనుకున్నాను. లిఫ్టు, కుళాయి, ఆస్పత్రి అని వాడు చెప్పినవన్నీ పైపై మాటలు. అసలు మాట చెప్పడానికి వాడికి పదహారేళ్ళు పట్టింది. అది వినడానికి నాకూ అంతే పట్టింది. ఈ ఊళ్ళో నాకేమున్నదో నేను రాత్రంతా లెక్క వేసుకున్నాను గాని, ఈ ఊళ్ళో వాడికేమున్నదో ఒక్కసారీ లెక్క వేయలేదు. ఉన్నది మేమిద్దరమే గదా!

మర్నాడు వాణ్ణి బస్సెక్కించడానికి వెళ్ళాను. దారిలో అవ్వ కోడలు కేక వేసింది: "ఏం సారూ, రెండు దినాలు రాకపోతివే! ఒంట్లో బాగలేదా ఏమి?" కొడుకు వచ్చాడమ్మా అన్నాను. "అట్లనా, నేను ఇంటికి మనిషిని పంపుదామనుకుంటి" అని, వద్దంటున్నా పొట్లం కట్టి వాడి చేతిలో పెట్టింది. డబ్బులు తీసుకోలేదు. మావాడు ఆమె వంక కొంచెంసేపు చూశాడు.

బస్సు కదలబోతుండగా కిటికీలోంచి తల బయట పెట్టాడు. బేరం సంగతి అడుగుతాడనుకున్నాను. వర్షాకాలం రెండు నెలలూ నీ దగ్గరే ఉంటాములేరా అని చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను. చెప్పాను కూడా. వాడు తల ఊపాడు.

"నాన్నా, వచ్చే నెల నేను డబ్బు పంపుతాను. బేల్దారిని పిలిపించి, మిద్దెకు ఆ మెట్లు బాగు చేయించండి" అన్నాడు.