మేం కూసునేదెప్పుడు?

సాయంత్రం సికింద్రాబాద్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి విశాఖ. 11 మందిమి వెళ్లాం. రోజూ మారేడ్‌పల్లిలో కలిసి నడిచేవాళ్లం, ఆదివారాలు మౌలాలి గుట్ట ఎక్కేవాళ్లం. ఆ ధీమాతోనే తొట్లకొండ నుంచి భీమిలి దాకా ఒక్కరోజులో నడిచేద్దామని అందర్నీ నేనే బయల్దేరదీశాను.

తొట్లకొండకి ఆ పేరు వచ్చింది వాననీళ్లు పట్టుకోవడానికి రాతిలో తొలిచిన తొట్ల వల్ల. అక్కడున్న బౌద్ధారామం 1976లో నేవీ సర్వేలో బయటపడింది. దాదాపు రెండువేల ఏళ్ల కిందటి భిక్షువులు నీళ్ల గురించి అంత ముందుజాగ్రత్త పడితే, నేను మనిషికో లీటరు సీసా చాలన్నాను. డిసెంబరే కదా! సికింద్రాబాద్ గాలికి పట్టిన చెమట పట్టినట్టే ఆరిపోతుంది. సముద్రం పక్కన ఆరదు, కారుతూనే ఉంటుంది. పదింటికే సీసాలు ఖాళీ.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర అసలు కష్టం మొదలైంది. వేల ఏళ్లుగా పోగుపడి, ఇనుము తుప్పుతో ఎరుపెక్కిన ఇసుక అది. మా గుట్టల రాయి మీద వేసిన అడుగు వేసినచోటే ఉంటుంది. ఇక్కడ ముందుకేసిన అడుగు సగం వెనక్కి జారుతుంది. ఆసరాకని గోడకు చెయ్యి ఆనిస్తే గుప్పెడు మట్టి చేతిలోకి వచ్చింది. అలాంటి గోడల్ని అసలు ముట్టుకోకూడదు, అదీ నాకప్పుడు తట్టలేదు.

నేను ముందు, కుర్రాళ్లు నా వెనక. మలుపు దగ్గర ఆగి కూర్చునేవాళ్లం. మోకాళ్ల నొప్పులున్న పెద్దాయన, మరో ఇద్దరూ పావుగంటకి వచ్చి కలిసేవారు. వాళ్లు రాగానే నేను లేచి, "పదండి, ఇంకో అరకిలోమీటరే" అనేవాణ్ని. ఆ అరకిలోమీటరు ఆ రోజు ఎన్నిసార్లు చెప్పానో! నాలుగోసారి పెద్దాయన చెట్టు మొదలు పట్టుకుని నిలబడి, "తమ్మీ, మీరు కూసుంటున్నరు, మేం రాంగనే లేస్తున్నరు. మేం కూసునేదెప్పుడు?" అన్నాడు. అందరం నవ్వాం. నేను కూడా. నవ్వి, నడిచాను.

భీమిలి చేరేసరికి మధ్యాహ్నం మూడు. గోస్తని సముద్రంలో కలిసేచోట కొంగల్ని చూసి తిరిగొస్తూ, ఆలస్యమైందని బురద మీదుగా అడ్డదారి పట్టించాను. పడవ దగ్గర వల బాగుచేసుకుంటున్న ఒకతను, "అటెల్లకండి బాబూ, నీరెక్కతాది, దిగబడిపోతారు" అని కేకేశాడు. చెయ్యి ఊపి ముందుకే పోయాను. పది నిమిషాల్లో పెద్దాయన మోకాళ్ల దాకా దిగబడ్డాడు. పాయలోకి నీళ్లు ఎగదన్నుకుని వస్తున్నాయి. అప్పటికి నేను వంద గజాలు ముందున్నాను. నేను వెనక్కి వచ్చేలోపే ఆ వలమనిషి, ఇంకొకతను వచ్చి తెడ్డు అందించి లాగారు. ఎడమ బూటు బురదకే పోయింది.

"అష్టమి పోటు గనక సరిపోయింది, అమాస పోటైతే నడుంకాడికొచ్చీసును" అన్నాడతను. మనం అష్టమి చూసేది ప్రయాణానికి మంచిదా కాదా అని. అర్ధచంద్రుడి రోజుల్లో పోటు చిన్నదని, అది రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుందని, ఇంటికొచ్చాక తెలుసుకున్నాను. అతన్ని అడిగి ఉంటే అక్కడే చెప్పేవాడు.

తిరుగు రైల్లో నన్నెవరూ ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది. పెద్దాయన కొత్త హవాయి చెప్పులు బెర్తు కింద జాగ్రత్తగా పెట్టుకుని, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆయన మళ్లీ రాడనుకున్నాను. ఆదివారం వచ్చాడు. మౌలాలి గుట్ట మెట్ల మీద మొదటిసారి ఆయన వెనక నడిచాను. పైకి చేరేలోపు ఏడుసార్లు కూర్చున్నాడు. అన్నేళ్లుగా కలిసి ఎక్కుతున్నాం, ఒక్కసారీ నేను చూడలేదు.