ముగ్గుగీత

సంక్రాంతికి ముందురోజు ముగ్గుపిండి డబ్బా ఖాళీగా కనిపిస్తే ఇల్లాలికి ఎంత ఒళ్ళు మండుతుందో మీకు వేరే చెప్పాలా! మా పుట్టింట్లో ఆ మంట ఏటా ఉండేది. దొంగ ఎవరో అందరికీ తెలుసు. మా తమ్ముడు, వాడి వెనక మా ఊరి యువజన సంఘం. కబడ్డీ బరి గీయడానికి సున్నం కొనే స్తోమతు ఆ సంఘానికి లేదు. ఉన్న ఆస్తల్లా ఒక క్యారంబోర్డు, గాలి లేని వాలీబాలు, చందాల రసీదు పుస్తకం. కాబట్టి ముగ్గుపిండి ఇళ్ళల్లోంచే పోవాలి.

మాది దేవరకొండ పక్క పల్లె. ఇటు నల్లగొండ, అటు పాలమూరు, మధ్యన ఎర్రనేల, గులకరాళ్ళు. ఆ నేలమీద పడ్డవాడి మోకాలిచిప్ప ఉన్నచోట ఉండదు. అందుకని చెరువు శిఖంలోంచి బండ్లమీద ఒండ్రుమట్టి తోలి, బడి వెనక పరిచి, నీళ్ళు చల్లి తొక్కేవారు. జట్టుకు ఏడుగురు. ఎవరికీ పైసా ముట్టదు. గెలిస్తే పొట్టేలు, ఓడితే ఊరంతా తిట్లు.

నాకు పదకొండేళ్ళప్పుడు చేటలో ముగ్గుపిండి పట్టుకుని వాళ్ళ వెంట వెళ్ళాను. మధ్యగీత వంకరపోతుంటే నేనే సరిచేశాను. చుక్కలు పెట్టే చెయ్యి కదా! తీరా ఆట మొదలయ్యాక గీత లోపల నిలబడ్డానని ఒక పెద్దమనిషి నా చెవి పట్టుకుని గోడదాకా తీసుకెళ్ళి వదిలాడు. "ఆడపిల్లవు, అవుతలికి పో" అన్నాడు. ఆ గీత గీసింది నేనేనని చెప్పబోయాను. ఎవరు వింటారు?

నేనొక్కదాన్నే కాదులెండి. 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో కబడ్డీకి పతకం పెట్టారు, మన మగవాళ్ళు బంగారం తెచ్చారు. ఆడవాళ్ళ కబడ్డీ అక్కడికి చేరేసరికి 2010 వచ్చింది. ఇరవయ్యేళ్ళు గోడ దగ్గరే నిలబెట్టారన్నమాట.

ఈ సంక్రాంతికి ఊరికి వెళితే కథ తిరగబడింది. మగపిల్లల జట్టుకు ఏడుగురు పూర్తిగా దొరకలేదు. పాలమూరు కూలీలు కట్టని ప్రాజెక్టు లేదంటారు కదా, మా వైపూ అదే వరస. కొందరు పూణే, కొందరు బొంబాయి, మిగిలినవాళ్ళు హైదరాబాదులో ఆటోలు. పండక్కి వస్తామన్నవాళ్ళకు బస్సులో సీటు దొరకలేదు. ఊళ్ళో మిగిలింది బడికి పోయే ఆడపిల్లలు. వాళ్ళకు డ్రిల్లు సారు రోజూ ఆట నేర్పుతున్నాడు. కనుక ఈసారి పక్క ఊరితో ఆడపిల్లలే ఆడాలని సంఘం తీర్మానించింది. మా తమ్ముడి కూతురు ఆ జట్టులో కూతకెళ్ళే పిల్ల.

అక్కడ వచ్చింది చిక్కు.

"నువ్వన్నా చెప్పరాదు వదినె! నిక్కరేసుకొని పదిమంది ముందల దుంకుతదట. రేపు సంబంధాలొస్తే మంది ఏమంటరు?" అంది నా మరదలు.

"పంజాబీ డ్రెస్సు మీద ఆడితే ప్యాంటు పట్టి గుంజుతరు అత్తా. చినిగితే అప్పుడు ఏమంటరు మంది?" అంది పిల్ల. 

సబబైన మాటే. కానీ నేనేమన్నానో వింటారా? నా నవలల్లో కథానాయికలు అర్ధరాత్రి గడప దాటి వెళ్ళిపోతారు. మేనకోడలి నిక్కరు దగ్గరకొచ్చేసరికి, "మోకాళ్ళ కిందిదాకా ఉండేది దొరకదా ఏమే?" అన్నాను. పిల్ల నావంక చూసిన చూపు ఇప్పటికీ గుచ్చుకుంటోంది. ఆ మాటకొస్తే ఆ నిక్కరు అప్పటికి రెండు నెలల నుంచీ ఇంట్లోనే ఉంది. ఇంటి వెనక తీగమీద, పాతచీర కింద దాచి ఆరేసుకుంటోందట.

ఆ రాత్రి డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్న మా ఆడపడుచు కూతురు ఫోన్ చేసింది. సంగతి చెబితే పకపకా నవ్వి, "ఇక్కడా ఇదే గొడవ అత్తా!" అంది. ఐర్లండులో 1884లో పుట్టిన క్రీడాసంఘం ఒకటుంది. ఊరూరా దాని శాఖలే. చేత్తోనూ కాలితోనూ ఆడే వాళ్ళ సొంత ఫుట్‌బాలు, వంకర కర్రతో బంతిని కొట్టే హర్లింగు. మన చిర్రగోనెకు పెద్దన్న అనుకోండి. డబ్లిన్‌లో ఎనభైవేలమంది ముందు ఆడినా ఆటగాడికి జీతం లేదు. సోమవారం ఎవరి ఉద్యోగానికి వాళ్ళు, ఎవరి పొలానికి వాళ్ళు. అక్కడి పల్లెల్లోనూ కుర్రవాళ్ళు వలసపోతే జట్లకు మనుషులు చాలరట.

ఆడవాళ్ళ హర్లింగును కమోగీ అంటారు. 1904లో దానికీ ఒక సంఘం వెలిసింది. పైకి పావడాలా, లోపల నిక్కరులా ఉండే ఒక బట్ట వేసుకునే ఆడాలని నియమం. 2025 మే నెలలో డబ్లిన్, కిల్కెన్నీ జట్ల అమ్మాయిలు నిక్కర్లతో మైదానంలోకి దిగితే, బట్టలు మార్చుకుంటేనే ఆట అన్నారట. మార్చుకున్నారు పాపం. అదే నెలలో సంఘం సభ పెట్టి, ఎవరికి నచ్చింది వాళ్ళు వేసుకోవచ్చని నూటికి తొంభైఎనిమిది ఓట్లతో ఒప్పుకుంది.

పొద్దున్నే ఈ ఐర్లండు పురాణమంతా మరదలికి వినిపించాను. ఆమె బియ్యంలో రాళ్ళేరుతూ "తెల్లోళ్ళ సంగతి మనకెందుకు వదినె" అంది. నేను ఓడిపోయానని ఒప్పుకుంటున్నాను. గెలిచింది పిల్ల. పుస్తకంలో అంటించుకున్న బొమ్మ తెచ్చి తల్లి ఒళ్ళో పెట్టింది. మమతా పూజారి. 2012లో పాట్నాలో ప్రపంచకప్పు గెలిచిన మన జట్టు కెప్టెను. కర్ణాటక పల్లెటూరి పిల్ల, మన సికింద్రాబాదులో దక్షిణ మధ్య రైల్వే ఉద్యోగి.

"రైల్వే నౌకరీయా?" అంది మరదలు, చేట పక్కన పెట్టి.

మధ్యాహ్నం మా తమ్ముడు అలవాటు చొప్పున పదమూడు మీటర్లకు పది కొలిచి గీత మొదలుపెట్టాడు. "నాయినా, మాకు పన్నెండుకు ఎనిమిదే" అంది కూతురు. మగవాళ్ళకు నలభై నిమిషాల ఆట, ఆడవాళ్ళకు ముప్ఫై. ఇక్కడా మనకు కోతే చూశారా! పోనీ, ముగ్గుపిండి మిగిలింది.

ఆట సంగతి ఎక్కువ చెప్పలేను. సగంసేపు కళ్ళు మూసుకునే ఉన్నాను. చివరి కూతకు మావాళ్ళు ఒక్క పాయింటు వెనక. పిల్ల వెళ్ళింది. ముగ్గురు మీదపడ్డారు. ఆ కుప్పలోంచి ఒక చెయ్యి గీతకేసి పాకుతోంది. నా పక్కన మరదలు, కూత తనే కూస్తున్నట్టు ఊపిరి బిగబట్టి నా మణికట్టు పట్టుకుంది. నాలుగు గోళ్ళ గుర్తులు పడ్డాయి. చెయ్యి గీతకు జానెడు దూరంలో ఆగిపోయింది. ఓడాం.

"ముగ్గురు కలిసి పట్టుడేంది, ఆ రిఫరీకి కండ్లు లేవా?" అని మరదలు లేచి అరిచింది. ఎంతమంది పట్టుకున్నా తప్పు కాదని చెప్పాను. వినలేదు.

మర్నాడు బస్సుకు బయల్దేరుతుంటే మరదలు వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. మోకాలి దగ్గర ఒండ్రుమరక పోని ఆ నిక్కరును రెండుసార్లు గట్టిగా దులిపి, వీధివైపు తీగమీద వేసి క్లిప్పు పెట్టింది.