కార్డు మీద లేని వచనాలు



జనవరి ఒకటిన ఆదికాండముతో మొదలుపెట్టిన మన అనుదిన వాక్య పఠనం ఈ వారంతో లేవీయకాండము దాటుతోంది. రోజుకు మూడు అధ్యాయాలు, ఆదివారం ఐదు. పరిశుద్ధ గ్రంథమంతా కలిపి 1189 అధ్యాయాలు గనుక ఈ వరుసన చదివితే డిసెంబరు ఆఖరుకు ప్రకటన గ్రంథం పూర్తవుతుంది. లెక్క తేలికే. అయితే ఏటా ఫిబ్రవరి వచ్చేసరికి ఏమవుతుందో మనందరికీ తెలుసు. ఆదికాండము కథలా సాగిపోతుంది. నిర్గమకాండములో సముద్రం దాటేదాకా ఉత్సాహమే. ప్రత్యక్షపు గుడారపు పలకలు, దిమ్మలు, తెరలు వచ్చాక నడక మందగిస్తుంది. ఇక లేవీయకాండములో బలిపశువు క్రొవ్వు, చర్మం మీద మచ్చలు, ఇంటి గోడలకు పట్టిన పొడ... చాలా బైబిళ్లలో రిబ్బను అక్కడే ఆగిపోయి, మళ్లీ సంవత్సరాంతం దాకా కదలదు.

మొన్న ఒక సహోదరి మమ్మల్ని అడిగారు. "అయ్యగారూ, ఇవన్నీ మనకెందుకండీ? రోజుకొక కీర్తన చదువుకుంటే చాలదా? మనసుకి నెమ్మదిగా ఉంటుంది."

ఆమె మంచి మనసుతోనే అడిగారు. కీర్తన చదువుకోవడం ఎంతో మంచిది కూడా. కానీ ఆ ప్రశ్న వెనుక మనందరికీ ఉన్న ఒక అలవాటు ఉంది. దాని గురించే ఈ నాలుగు మాటలు.

డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో వాగ్దాన కార్డులు పళ్లెంలో పెట్టి తెస్తారు. ఒక్కొక్కరం ప్రార్థన చేసుకుని ఒక కార్డు తీసుకుంటాం. మన మందిరంలోనూ ఆ పద్ధతి ఉంది, దాన్ని ఆపమని మేము చెప్పడం లేదు. చదువురాని తల్లులు ఆ కార్డును పక్కవాళ్లతో చదివించుకుని, చీర కొంగున కట్టుకుని వెళ్లడం చూసినవాళ్లెవరూ దాన్ని తేలిక చేసి మాట్లాడలేరు. అయితే ఒక సంగతి గమనించండి. ఆ పళ్లెంలోకి రాకముందే ఆ వచనాలను ఎవరో ఏరారు. హెచ్చరికలు తీసేశారు, గద్దింపులు తీసేశారు, ముందూ వెనుకా ఉన్న వచనాలు తీసేశారు. తియ్యనివి మాత్రమే మిగిలాయి. ఇప్పుడు ఫోనులో రోజూ ఉదయం వచ్చే పూల బొమ్మల వచనాలూ అంతే. సంవత్సరమంతా అవే తింటే ఆత్మీయంగా ఏమవుతామో చెప్పడానికి, మన సంఘంలోనే జరిగిన సంగతి ఒకటి, ఆ తమ్ముడి అనుమతితోనే, చెబుతున్నాం.

డిగ్రీ చదివి, కానిస్టేబులు ఉద్యోగానికి తయారవుతున్న అబ్బాయి. ఒక సంవత్సరం అతనికి యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం కార్డు వచ్చింది. దేవుడు తన ప్రజల విషయమై మేలైన ఉద్దేశాలు కలిగి ఉన్నాడని, వారికి నిరీక్షణ కలుగజేస్తాడని చెప్పే మాట అది. మనలో కంఠతా రానివాళ్లు తక్కువ. దాన్ని అద్దానికి అంటించుకున్నాడు. తెల్లవారుజామున పరుగుకి వెళ్లేముందు చూసుకునేవాడు. దేహదారుఢ్య పరీక్ష దాటాడు గాని, రాత పరీక్షలో కొద్ది మార్కుల్లో పోయింది. రెండోసారీ పోయింది. ఆ తర్వాత మందిరానికి రావడం మానేశాడు. మేము ఇంటికి వెళితే ముఖాముఖీ అన్నాడు, "దేవుడు నాకిచ్చిన మాట తప్పాడండీ."

ఓదార్చడానికి తొందరపడలేదు. బైబిలు తీసి, 29వ అధ్యాయానికి ముందున్న 28 నుండి చదవమన్నాం. అక్కడ హనన్యా అనే ప్రవక్త ఉన్నాడు. బబులోను కాడి రెండేళ్లలో విరిగిపోతుందనీ, చెరపట్టబడినవాళ్లంతా తిరిగి వస్తారనీ దేవుని పేరిట ప్రకటించాడు. వినడానికి అంతకన్నా మంచి వాగ్దానం ఏముంటుంది? కానీ దేవుడు అతన్ని పంపలేదు. ఆ సంవత్సరమే అతడు చనిపోయాడు. తర్వాతి అధ్యాయంలో యిర్మీయా బబులోనులో ఉన్నవాళ్లకు ఉత్తరం రాశాడు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మిమ్మల్ని చెరగొనిపోయిన ఆ పట్టణపు క్షేమం కోసమే ప్రార్థన చేయండి అన్నాడు. ఆ తర్వాత, మన కార్డులో వచ్చే వచనానికి సరిగ్గా ముందున్న పదో వచనంలో గడువు చెప్పాడు. డెబ్బై ఏళ్లు.

ఆ తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, "అంటే, ఆ ఉత్తరం విన్నవాళ్లలో పెద్దవాళ్లెవరూ తిరిగి వెళ్లి ఉండరు కదండీ?"

వెళ్లి ఉండరు. అయినా ఆ వాగ్దానం వాళ్లకిచ్చిందే. చెరలో పుట్టబోయే మనవల కోసం పరదేశంలో చెట్లు నాటే మనసు వాళ్లకు కావలసి వచ్చింది. పదకొండో వచనం ఒక్కటే చదివితే అది ఉద్యోగానికి హామీ పత్రంలా కనబడుతుంది. పదో వచనంతో కలిపి చదివితే ఎదురుచూడడం నేర్పుతుంది. ఆ తమ్ముడికి ఇంకా ఆ ఉద్యోగం రాలేదు. ప్రస్తుతం ఆటో నడుపుకుంటున్నాడు. మందిరానికి వస్తున్నాడు. అంతేకాదు, చదువురానివాళ్ల కోసం సాయంత్రాలు మనం పెట్టుకున్న పఠనంలో గట్టిగా చదివేది ఇప్పుడు అతనే.

యిర్మీయా గ్రంథంలోనే 36వ అధ్యాయంలో ఒక రాజు ఉన్నాడు, యెహోయాకీము. తొమ్మిదవ నెల, చలికాలం. ఎదురుగా కుంపటి రగులుతోంది. యిర్మీయా చెప్పగా బారూకు రాసిన గ్రంథపు చుట్టను ఒకడు చదువుతుంటే, మూడు నాలుగు పుటలు కాగానే రాజు చాకుతో కోసి కుంపటిలో వేస్తున్నాడు. అట్లా చుట్టంతా కాలిపోయింది. చదివి వినిపిస్తున్నా రాజు భయపడలేదని లేఖనం చెబుతుంది. మనం ఆ రాజును చూసి అయ్యో అనుకుంటాం. మన చేతిలో చాకు లేదు నిజమే. మనకు నచ్చిన వచనాన్ని కోసి దాచుకుని మిగతాది వదిలేస్తాం, అంతే తేడా. ఆ తర్వాత జరిగింది మాత్రం సంతోషకరం. దేవుడు మళ్లీ రాయించాడు, కాలిన మాటలన్నీ, వాటితోపాటు ఇంకా చాలా మాటలు కూడా.

1805లో విశాఖపట్నంలో దిగిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే మిషనరీలు తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే విశ్వాసి తోడ్పాటుతో సువార్తలను అనువదించారు. 1812లో మత్తయి, మార్కు, లూకా అచ్చయ్యే నాటికి ఆ మిషనరీలిద్దరూ బతికిలేరు. గ్రంథమంతా తెలుగులో చేతికి రావడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది. ముక్కలే దొరికిన ఆ తరం పూర్తి గ్రంథం కోసం ఎదురుచూసింది. మనకు పూర్తి గ్రంథం ఫోనులో కూడా ఉంది, మనం ముక్కలు వెతుక్కుంటున్నాం. (ఫోనులో చదవడం తప్పు కాదు. అయితే చదువుతుండగా పైనుండి సందేశాలు దిగుతుంటే లేవీయకాండము నిలబడదు, అది మీకూ తెలుసు.)

ఇప్పుడు ఈ వారం సంగతి. ఊళ్లో మిరప కోతలు జోరుగా ఉన్నాయి. సాయంత్రం ఏడింటికి వచ్చే అక్కల్లో ఎక్కువమంది చేలనుండి నేరుగా వస్తున్నారు, చేతులు ఇంకా మండుతూనే ఉంటాయి. ఆ రోజు వంతులో లేవీయకాండము 19 వచ్చింది. పొలం కోసేటప్పుడు ఓరలు పూర్తిగా కోయకూడదు, పరిగె ఏరుకోకూడదు, అది బీదలకూ పరదేశులకూ విడిచిపెట్టాలి అని అక్కడ ఉంది. పరిగె అనే మాట మన పిల్లలకు తెలియదేమో గాని, ఈ అక్కలకు వివరించనక్కరలేదు. కోత మిషన్లు రాకముందు వరి చేలల్లో పరిగె ఏరుకుని పిల్లల్ని పెంచినవాళ్లు వాళ్లలో ఉన్నారు. అందరూ సర్దుకుని కూర్చున్నారు. ఇంకొంచెం ముందుకు, పదమూడో వచనంలో, కూలివాని కూలి తెల్లవారేదాకా నీ దగ్గర ఉంచుకోవద్దనే ఆజ్ఞ వచ్చింది. ఒక పెద్దమ్మ, ముప్పై ఏళ్లుగా మందిరానికి వస్తున్న ఆవిడ, ఉన్నట్టుండి పైకే అనేసింది. "మా కూలి సంగతి కూడా ఉందా అందులో?"

ఆ మాట మేము ఇంకా మర్చిపోలేకపోతున్నాం. ముప్పై ఏళ్లు ఎన్నో వాగ్దానాలు విన్నది ఆ తల్లి. తన చేతికి రావలసిన రోజు కూలిని దేవుడు పట్టించుకున్నాడని ఆ రాత్రే విన్నది.

అక్కడే ఒక పెద్దాయన కూడా ఉన్నారు. కౌలుకి మిరప వేసినవారు. ఆయన చేలో పని చేసినవాళ్లకు వారాల కూలి బాకీ ఉంది. ఆయన కష్టం కూడా నిజమే. కల్లంలో కాయ ఎండాలి, తాలు కాయ వేరుచేయాలి, సరుకు యార్డుకి పోవాలి, వ్యాపారి డబ్బు ఇవ్వాలి, ఈలోపు కౌలూ, మందుల షాపు బాకీలూ. ప్రార్థన అయ్యాక ఎవరూ ఏమీ అనలేదు. అందరూ వెళ్లాక ఆయన మా ఇంటి దగ్గరకు వచ్చి నిలబడ్డారు.

"అయ్యగారూ, ఆ భాగం మీరు కావాలని పెట్టించారా?"

"లేదండీ. ఈ రోజు వంతు అదే. జనవరి ఒకటినే లెక్కలో పడిపోయింది."

క్రమంగా చదవడంలో ఉన్న మేలు ఏమిటని మమ్మల్ని అడిగితే ఆ ఒక్క సంభాషణ చూపిస్తాం. అదే వచనం మీద మేము ఆదివారం ప్రసంగం చేసి ఉంటే ఆయనకు మా మీద కోపం వచ్చేది, దానికి కారణం కూడా ఉండేది. కానీ ఈసారి ఎవరూ ఆయన్ని గురిపెట్టలేదు. వాక్యమే తన వరుసలో నడుచుకుంటూ వచ్చి ఆయన ముందు ఆగింది. ఇక తేల్చుకోవలసింది ఆయనా, దేవుడూ. మరునాడు చేబదులు తెచ్చి పాత బాకీలో కొంత ఇచ్చారు. అప్పటినుండి ఏ రోజు కూలి ఆ రోజు పొద్దుగూకేలోపు ఇస్తున్నారు. పాత బాకీ ఇంకా కొంత మిగిలే ఉంది, సరుకు అమ్మాక ఇస్తానన్నారు. అది కూడా దేవుని కృపవల్ల తీరాలని ప్రార్థన చేయండి.

ఇంకొక సంగతి. నిన్నువలె నీ పొరుగువానిని ప్రేమించాలని మన ప్రభువు చెప్పిన ఆజ్ఞ ఎక్కడుందో అడగండి, చాలామంది మత్తయి సువార్త అంటారు. ప్రభువు దాన్ని తీసుకున్నది ఈ 19వ అధ్యాయం నుండే, కూలి గురించిన మాటకు అయిదు వచనాల తర్వాత. మనం రిబ్బను ఆపేసిన గ్రంథంలోనే ఉంది అది. మార్చి నెలలో రూతు గ్రంథం చదువుతాం. మోయాబునుండి వచ్చిన ఆ విధవరాలు బోయజు చేలో పరిగె ఏరుకోగలిగిందంటే లేవీయకాండములో ఈ ఆజ్ఞ ఉండబట్టే. ఆమె మునిమనవడే దావీదు.

ఇదంతా చెప్పినంతమాత్రాన వెనుకబడినవాళ్లు దిగులుపడకండి. స్కాట్లాండులో డండీ పట్టణంలో రాబర్ట్ ముర్రే మక్‌షేన్ అనే యువ కాపరి 1842 డిసెంబరులో తన సంఘం కోసం ఒక పఠన పట్టిక తయారుచేశాడు. పాత నిబంధన ఏడాదికి ఒకసారి, క్రొత్త నిబంధన, కీర్తనలు రెండుసార్లు అయ్యేటట్లు. ఇప్పటికీ లోకమంతా దాన్ని వాడుతున్నారు. ఆయన ఆ పట్టికతోపాటు దానివల్ల వచ్చే ప్రమాదాలు కూడా ముందే రాశాడు. మొక్కుబడిగా చదవడం, చదివామని మనల్ని మనమే నీతిమంతులుగా ఎంచుకోవడం, కొందరికి అది మోయలేని కాడి కావడం. మరుసటి మార్చిలోనే, 29 ఏళ్లకే ఆయన ప్రభువునొద్దకు వెళ్లిపోయాడు. కాబట్టి పది రోజులు తప్పినవాళ్లు ముప్పై అధ్యాయాలు ఒక్క రాత్రిలో చదివి లెక్క సరిచేయాలని చూడకండి. ఈ రోజు వంతు దగ్గర వచ్చి కలవండి. మూడు అధ్యాయాలు కుదరకపోతే ఒకటి చదవండి, కానీ వరుసలోనే చదవండి. కళ్లతో కాక నోటితో, ఇంట్లో వంట చేస్తున్నవాళ్లకు వినబడేటట్లు చదవండి. రథంలో కూర్చుని యెషయా గ్రంథం చదువుతున్న ఐతియోపీయుడు పైకి చదివాడు గనుకనే ఫిలిప్పుకు వినబడింది.

రేపటినుండి సంఖ్యాకాండము. మొదటి అధ్యాయంలోనే నోరు తిరగని పేర్లు చాలా ఉన్నాయి. మన తమ్ముడు ఆటో స్టాండులో కూర్చుని ఇప్పటినుండే వాటిని సాధన చేస్తున్నాడట. ఎప్పటిలాగే సాయంత్రం ఏడు గంటలకు, మందిరంలో. కోతలనుండి ఆలస్యంగా వచ్చే అక్కల కోసం ఎనిమిదింటికి మళ్లీ మొదటినుండి చదువుతాం. భోజనం అక్కడే.