మామయ్యగారి గిటార్

మామయ్యగారు పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకాలకని ఇల్లు దులుపుతూ అటక మీంచి ఆయన గిటార్ దించాను. జిడ్డు వదులుతుందని శానిటైజర్ వేసి తుడిచానండీ! రూపాయి బిళ్ళంత మేర మెరుపు పోయి, బంకబంకగా అయింది. నా గుండె జారిపోయింది.

రిపేరు చేసేవారికి చూపిస్తే, "ఇది ఫ్రెంచి పాలిష్ అమ్మా. లక్కను స్పిరిట్‌లో కరిగించి పూస్తారు. మళ్ళీ స్పిరిట్ తగిలితే కరగదూ? కాస్త నోటి ఆవిరి పట్టించి, మెత్తటి పాత నూలుగుడ్డతో తుడిస్తే చాలు" అన్నారు.

పాడైనచోట మళ్ళీ లక్క పూస్తానన్నారు. కుడిచెయ్యి ఆని ఆని వెలిసిపోయిన మచ్చ చూపించి, "ఇదీ మెరిపించెయ్యనా?" అని అడిగారు.

నేను సరే అనబోయాను. అత్తయ్య ఆపేశారు.

"అది మురికి కాదే. ఆయన చెయ్యి."